తెల్లవారితే శుక్రవారం

నా పేరు యూనీస్. తండ్రి పేరు ఆనంద్ పాల్. వయస్సు ముప్పై ఏడు సంవత్సరాలు. వృత్తి, వెబ్‌సైట్లు తయారు చేయడం. సొంత ఊరు మెదక్. ప్రస్తుతం నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో కిరాయి ఇంట్లో ఉంటున్నాను. తెలుగు, ఇంగ్లీషు చదవగలను, రాయగలను. 2007 మార్చి 6వ తేదీ మంగళవారం ఉదయం పదకొండు గంటలకు నాంపల్లి కోర్టులో మేజిస్ట్రేట్ గారి ఎదుట ఈ మాటలు చెబుతున్నాను.

ఎవరైనా భయపెట్టి గాని, ఆశపెట్టి గాని పంపించారా అని మేజిస్ట్రేట్ గారు మొదట అడిగారు. భయపెట్టలేదు. ఆశపెట్టారు. దాని వంతు వచ్చినప్పుడు ఆ సంగతి చెబుతాను. ఈ రోజు మాత్రం నా అంతట నేనే వచ్చాను.

రవికిరణ్ మీకు ఏమవుతాడు అని అడిగారు. ఏమీ కాడు. మా ఆఫీసులో పనిచేసేవాడు. వయస్సు ఇరవై నాలుగు. నన్ను అక్కా అంటాడు. అలా పిలవమని నేను ఎప్పుడూ చెప్పలేదు. అతను డబ్బు తీసుకుని ఫంక్షన్ హాలు బుకింగులో తేదీ మార్చాడని ఫిర్యాదు ఉంది. మోసం కేసు అతని మీద నిలుస్తుందా లేదా అన్నది చాలావరకు నా మాట మీద ఉందని ఇన్‌స్పెక్టర్ గారు చెప్పారు. అందువల్ల జాగ్రత్తగా చెబుతున్నాను. జాగ్రత్తగా చెప్పడం నాకు అలవాటే. అదే నా పని.

ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గరి సందులో, చెప్పుల దుకాణం పైన మూడో అంతస్తులో వామన్‌రావు గారి కంపెనీ ఉంది. నేను 2001 నుంచి అక్కడ ఉన్నాను. మొదట మేమిద్దరమే. ఆయన ఆర్డర్లు తెచ్చేవారు, నేను చేసేదాన్ని. తరువాత రంగులూ బొమ్మలూ చూసుకోవడానికి రశ్మి వచ్చింది. రశ్మీ నేనూ మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర డబ్బాలు విప్పుకునేవాళ్ళం. ఇది కేసుకు సంబంధం లేని మాట అని తెలుసు. అయినా రాయమని కోరుతున్నాను.

నేను ముఖ్యంగా చేసేది ఫారాలు. వెబ్‌సైట్‌లో పేరు, ఫోను నెంబరు, తేదీ నింపడానికి గళ్ళు ఉంటాయి. ఆ గళ్ళ వరసనే ఫారం అంటాము. గళ్ళు గీయడం ఏమంత పని కాదు. నింపినవారు తప్పు నింపితే గుమ్మంలోనే ఆపడం అసలు పని. ఫోను నెంబరులో అక్షరాలుంటే ఆపాలి. గడిచిపోయిన తేదీకి హాలు అడిగితే ఆపాలి. ఒకే రోజుకు ఇద్దరు అడిగితే రెండోవారిని ఆపాలి. ఈ తనిఖీలన్నీ నేను ఒక్కొక్క లైను చేత్తో రాసేదాన్ని. చేత్తో రాయడంలో ఒక గుణం ఉంది. ప్రతి గడి దగ్గరా ఆగి, ఇక్కడ ఏం తప్పు జరగవచ్చు అని ఎవరినైనా అడగక తప్పదు.

2002లో నాంపల్లిలోని సౌభాగ్య ఫంక్షన్ హాలు వారికి మొదటిసారి బుకింగు సైటు చేశాను. అప్పుడు హాలు మేనేజరు లక్ష్మణరావు గారి గదిలో రెండు పూటలు కూర్చుని ఒక్కొక్క గడి గురించి అడిగాను. తేదీ గడి దగ్గర ఆయన ఇలా చెప్పారు: “అమ్మా, మాకు దినం అంటే పగటీలి పన్నెండు నుంచి మల్ల రోజు పగటీలి పన్నెండు దాంక. పొద్దుగాల పెండ్లి అయితే ఫికర్ లేదు. రాత్రి రెండింటికి ముహూర్తం ఉన్నోళ్లుంటరు సూడు, గాడ జర పైలం. పంతులు శుక్రారం అని రాస్తడు. పెండ్లోళ్లేమో బేస్తారం సాయంత్రమే దిగుతరు.”

బేస్తారం అంటే గురువారం. రాత్రి ముహూర్తం సంగతి నాకు కొత్త. మా ఇళ్ళలో పెళ్ళి పగలు చర్చిలో జరుగుతుంది. రాత్రి రెండు గంటలకు అందరూ మెలకువగా ఎలా ఉంటారని అడిగాను. “అందరు ఉండరు. పెండ్లికొడుకు ఉంటే చాలు” అన్నారాయన. శుభలేఖల్లో గురువారం రాత్రి రెండుంబావుకు అని వేసి, పక్కన ‘తెల్లవారితే శుక్రవారం’ అని ఎందుకు వేస్తారో ఆ రోజు తెలిసింది. రాత్రి పన్నెండు దాటితే క్యాలెండరులో తేదీ మారుతుంది. మనుషులకు మాత్రం తెల్లవారితేనే మారుతుంది.

కాబట్టి నా ఫారంలో ముహూర్తం సమయం కూడా అడిగాను. అది అర్ధరాత్రి దాటి, తెల్లవారేలోపు ఉంటే ఫారం అక్కడే ఆగి, ‘మీవారు హాలుకు వచ్చేది ఏ సాయంత్రం?’ అని ఒక ప్రశ్న వేసేది. జవాబుగా వచ్చిన తేదీనే లోపల టేబుల్లోకి పంపేది. టేబుల్ అంటే వివరాలన్నీ భద్రంగా ఉండే వరసల పట్టిక. ఆ పట్టికలో తేదీకి ఒకటే గడి. అంటే నా ప్రశ్న ఫారంలో ఉంది, పట్టికలో దాని జాడ లేదు. ఈ వాక్యం గుర్తుంచుకోవాలని మనవి. కేసంతా దీని మీదే నిలబడి ఉంది.

ఆ ఫారం నాలుగేళ్ళకు పైగా నడిచింది. ఒక్క గొడవ లేదు. గొడవ లేదు కాబట్టి ఎవరూ దాన్ని మెచ్చుకోలేదు. కుళాయి కారకపోతే ప్లంబరును ఎవరూ తలుచుకోరు.

2006 ఆగస్టులో రవికిరణ్ చేరాడు. చేరిన వారానికే వామన్‌రావు గారు మమ్మల్నందరినీ అతని కుర్చీ చుట్టూ నిలబెట్టారు. అతను ఫ్రేమ్‌వర్క్ అనే దానితో పనిచేస్తాడు. ఫ్రేమ్‌వర్క్ అంటే ఎవరో ముందుగానే కట్టి పెట్టిన పనిసామాను. పట్టిక చూపించి ఒక ముక్క టైపు చేస్తే, ఫారమూ, దాని తనిఖీలూ, మార్చే పేజీ, తీసేసే పేజీ అన్నీ అదే రాసుకుంటుంది. అతను ఒక లైను కొట్టాడు. ఎంటర్ నొక్కి వేళ్ళు విరుచుకున్నాడు. నేను పది రోజులు రాసే పేజీలు తెర మీద బారులు తీరాయి. రశ్మి చప్పట్లు కొట్టింది. వామన్‌రావు గారు నా వైపు చూసి, “సూసినవా యూనీస్, గిట్లుండాలె పని” అన్నారు.

నాకు కడుపు మండింది. ఇది దాచడం లేదు. ఆఫీసులో ఎవరిని అడిగినా చెబుతారు కాబట్టి నేనే ముందు చెబుతున్నాను. ప్రతిసారీ ఎంటర్ నొక్కి అతను వేళ్ళు విరుచుకునేవాడు. ఆ చప్పుడు నా బల్ల దాకా వినిపించేది. దసరా అయ్యాక నా బల్లను కిటికీ దగ్గర నుంచి తీసి మంచినీళ్ళ క్యాన్ల పక్కకు జరిపారు. కిటికీ బల్ల అతనికి ఇచ్చారు. తెర మీద వెలుతురు పడుతోందని అతనే ఆ కిటికీకి అట్ట పెట్టి మూశాడు. ఐదేళ్ళు నేను చూసిన కిటికీని మూసుకుని కూర్చున్నాడు. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు.

రశ్మి డబ్బా పట్టుకుని అతని బల్లకు వెళ్ళింది. అతని తల్లి జయమ్మ గారు సర్వపిండి చేసి పంపేవారు. “అక్కా, జర తిని సూడు, అమ్మ నీ కోసమే ఎక్కువ పెట్టింది” అని రోజూ నా దగ్గరికి తెచ్చేవాడు. నేను ఆకలి లేదనేదాన్ని. రోజూ తెచ్చేవాడు. రోజూ ఆకలి లేదనేదాన్ని. వాసన బాగుండేది.

అతనికి పని రాదని నేను ఎక్కడా అనలేదు. అనాలని చాలా వెతికాను. అతని ఫారాల్లో ఫోను గడిలో అక్షరాలు కొట్టాను, ఆపింది. పేరు ఖాళీగా వదిలాను, ఆపింది. ఫిబ్రవరి ముప్పైకి హాలు అడిగాను, ఆపింది. అది నా ఫారం కూడా ఆపేది గాని, ఆ సంగతి రాయడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. అతను దాని గురించి ఆలోచించనైనా ఆలోచించలేదు. అదే నాకు ఎక్కువ మంట.

నవంబరులో సౌభాగ్య హాలు సైటును ఫ్రేమ్‌వర్క్‌లోకి మార్చాలని వామన్‌రావు గారు మీటింగు పెట్టారు. మేం నలుగురం ఉన్నాం. పాత పట్టికలో గళ్ళు చూసి అతను కొత్త పట్టిక చేశాడు, దాని నుంచి ఫారం పుట్టించాడు. నేను అప్పుడు, “సార్, పాత ఫారంలో ఒక ప్రశ్న ఉంది. అది పట్టికలో కనిపించదు. దాన్ని చూడకుండా మార్చవద్దు” అన్నాను.

రవికిరణ్ నా వైపు తిరిగి, “ఏం ప్రశ్న అక్కా?” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు వామన్‌రావు గారు అడ్డం వచ్చారు. “పట్టికల లేంది రూలే కాదు. నీ పాత సామానంతా కొత్త ఇంట్లకు మోసుడు ఏంది యూనీస్? ఎల్లుండి లక్ష్మణరావుకు సూపియ్యాలె” అన్నారు. అంతలో ఆయనకు ఫోను వచ్చి లేచారు. మీటింగు అయిపోయింది. రవికిరణ్ మళ్ళీ అడగలేదు. నేను మళ్ళీ చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్నా అని మేజిస్ట్రేట్ గారు ప్రశ్నించారు. అడిగితే చెప్పేదాన్ని. ముఖం ముడుచుకుని చెప్పేదాన్ని.

లక్ష్మణరావు గారికి చూపించినప్పుడు నేనూ ఉన్నాను. బుకింగు అయినట్టు తెర మీద ఆకుపచ్చ గుర్తు పడగానే ఆయన మురిసిపోయారు. నాకు 2002లో చెప్పిన మాట ఆయనకు గుర్తు రాలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి గుర్తు రావలసిన అవసరమూ కలగలేదు.

ఇక గొడవ సంగతి. సుల్తాన్ బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం నడిపే కిషన్ గారు కూతురి పెళ్ళికి ఆ హాలు తీసుకున్నారు. పెళ్ళికొడుకు వాళ్ళది విజయవాడ వైపు. ముహూర్తం వాళ్ళ పంతులే పెట్టారు. ఫిబ్రవరి 9, శుక్రవారం, రాత్రి 2 గంటల 20 నిమిషాలు. కిషన్ గారు ఆ కాగితం పక్కన పెట్టుకుని ఫారంలో 9 అని కొట్టారు. వారి ఇళ్ళలో పెళ్ళిళ్ళు పొద్దున పూట అవుతాయి. రవికిరణ్ ఇంట్లోనూ అంతే. ఇద్దరికీ అనుమానం రాలేదు. ఫారం అడగలేదు. ‘మీ బుకింగు సేవ్ అయింది’ అని ఒక నెంబరు ఇచ్చింది. ఆ రసీదులో తేదీ లేదు, ఎందుకంటే ఫ్రేమ్‌వర్క్ పుట్టించిన పేజీలో అంతే ఉంటుంది. నా రసీదులో తేదీ, వారం, రాత్రి అయితే ‘తెల్లవారితే’ అన్న మాటతో సహా ఉండేవి. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్ప కోసం కూడా చెబుతున్నాను.

తరువాత సికింద్రాబాద్‌లో ఉండే రాబర్ట్ గారు తన కూతురు జిప్పోరా పెళ్ళి విందుకు 8వ తేదీ, గురువారం సాయంత్రం అడిగారు. ఫారం చూసుకుంది. 8 వేరు, 9 వేరు. ఆయనకూ ఆకుపచ్చ గుర్తు పడింది. ఫారం లెక్కలో ఇద్దరూ సరిగ్గానే ఉన్నారు.

ఫిబ్రవరి 8 సాయంత్రం ఐదున్నర దాటాక లక్ష్మణరావు గారు ఆఫీసుకు ఫోను చేశారు. వెంటనే మనిషిని పంపమని అరిచారు. వామన్‌రావు గారు రవికిరణ్‌ను, నన్ను వెళ్ళమన్నారు. ఆటో దొరకలేదు. అతని బండి వెనక కూర్చోవలసి వచ్చింది. దారి పొడుగునా అతను, “ఏమై ఉంటదక్కా? సర్వర్ అయితే మంచిగనే ఉన్నది” అంటూనే ఉన్నాడు. నాంపల్లి చేరేసరికి గేటు దగ్గర మగపెళ్ళివారి బ్యాండు వాయిస్తోంది. లోపల వేదిక మీద తెల్ల గౌనులో జిప్పోరా కూర్చుని ఉంది. అది చూడగానే నాకు అంతా అర్థమైంది.

అప్పుడు నాకు సంతోషం కలిగింది. అబద్ధం చెప్పను. నా ప్రశ్న గుర్తొచ్చి, మండిన కడుపు చల్లబడినట్టయింది. ఇప్పుడు వేళ్ళు విరుచుకో బాబూ అనుకున్నాను.

లోపల మెట్ల మీద కిషన్ గారు, రాబర్ట్ గారు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. “బేస్తారం రాత్రి పెండ్లయ్యా నాది. గీ రాత్రి నాది. కార్డు సూడు” అని కిషన్ గారు శుభలేఖ ఊపుతున్నారు. “నాకు ఎనిమిదో తారీఖు ఇచ్చిన్రు. మా పాస్టర్ గారు ప్రార్థన కూడా మొదలుపెట్టిన్రు. యాడికి పోవాలె మేము?” అని రాబర్ట్ గారు అంటున్నారు. ఆయన గొంతు పెద్దది కాదు. వెనక నుంచి కిషన్ గారి వంటవాళ్ళు డేగిసాలు మోసుకుంటూ మెట్లెక్కారు. ముందున్నవారు పక్కకు తోసుకున్నారు. రాబర్ట్ గారి అన్నగారు, డెబ్బై దాటిన మనిషి, మెట్టు తప్పి పడ్డారు. భుజం ఎముక విరిగింది. నా సంతోషం అక్కడితో పోయింది.

ముసలాయనను లేపి ఉస్మానియా దవాఖానకు తీసుకుపోయింది రవికిరణే. ఆటోలో ఆయన తల తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను హాల్లోనే ఉండిపోయాను. విందు మేడ మీదికి, పెళ్ళి కింద హాల్లోకి అని లక్ష్మణరావు గారు సర్దుబాటు చేసేసరికి ఎనిమిదైంది. జిప్పోరా కేకు ఎవరూ కోయలేదు.

మర్నాడు కిషన్ గారు ఫిర్యాదు ఇచ్చారు. గురువారం రాత్రికే అడిగానని, తరువాత ఎవరో తన తేదీని ఒక రోజు తరువాతికి నెట్టి, ఆ రాత్రిని రాబర్ట్ గారికి అమ్ముకున్నారని ఆయన అనుమానం. ఆయన అబద్ధం చెప్పడం లేదు. తాను అడిగింది గురువారం రాత్రి అనే ఆయన మనసులో ఉంది. లక్ష్మణరావు గారు తన మీదికి రాకుండా, కంప్యూటరు లోపల చేయి పెట్టగలిగింది కంపెనీ వాళ్ళే అన్నారు. కంపెనీలో దాని తాళం, అంటే పాస్‌వర్డ్, ఉన్నది రవికిరణ్ దగ్గర. అతన్ని రెండుసార్లు ఠాణాకు పిలిచారు. కంప్యూటరు సీలు వేసి పట్టుకుపోయారు.

10వ తేదీ శనివారం మధ్యాహ్నం వామన్‌రావు గారు నన్ను ఆబిడ్స్‌లో ఇరానీ హోటలుకు తీసుకెళ్ళారు. ఐదేళ్ళలో ఎన్నడూ తీసుకెళ్ళలేదు. చాయ్ చెప్పి, ఉస్మానియా బిస్కెట్లు నా వైపు జరిపారు.

“యూనీస్, పిలగాడు చెడ్డోడైతే కంపెనీకి ఏం గాదు. ఫారం చెడ్డదైతే ఆరు హాళ్లు ఎళ్లిపోతయి. గింతే ముచ్చట” అన్నారు. సౌభాగ్యతో కలిపి ఆరు హాళ్ళకు అప్పటికి రవికిరణ్ ఫారాలే నడుస్తున్నాయి.

“అతను తేదీ మార్చాడా సార్?” అని అడిగాను.

“మార్చిండో లేదో దేవునికి ఎరుక. నువ్వు సూసిన అని చెప్పు. కిటికీ కాడ బల్ల మల్ల నీదే. అన్ని హాళ్ల పని నువ్వే సూసుకో, నీ పద్ధతిల.”

నేను చాయ్ తాగాను. ఆ కిటికీ గుర్తొచ్చింది. అట్ట పీకేస్తే పోస్టాఫీసు గోపురం కనిపిస్తుంది. ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించాను కూడా. నిద్ర పట్టలేదు. ఆశపెట్టారని మొదట చెప్పింది ఇదే.

సోమవారం ఇన్‌స్పెక్టర్ గారు కోరితే, ఆయన ఎదుటనే బషీర్‌బాగ్‌లో మా సైట్లుండే సర్వర్ పెట్టిన కంపెనీకి వెళ్ళి పట్టిక తెరిచి చూశాను. రవికిరణ్ ఇదే చూడమని అంతకుముందే చెప్పాడట. ముద్దాయి మాట ఎవరు వింటారు? ఫ్రేమ్‌వర్క్ పుట్టించిన పట్టికలో ఎవరూ అడగకుండానే రెండు గళ్ళు ఉంటాయి. ఈ వరస ఎప్పుడు పుట్టింది అని ఒకటి, ఆఖరుసారి ఎప్పుడు మారింది అని ఒకటి. కిషన్ గారి వరస పుట్టింది డిసెంబరు 18. ఆఖరుసారి మారింది కూడా అదే డిసెంబరు 18, అదే నిమిషం. అంటే పుట్టాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. రాబర్ట్ గారి వరస పుట్టింది జనవరి 11. లోపల చేయి పెట్టినవాడు ఆ గళ్ళను కూడా దిద్దవచ్చు కదా అని ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు. దిద్దవచ్చు. అందుకని ఆ సర్వర్ కంపెనీవారు తమ దగ్గర విడిగా దాచే నకళ్ళు తీయించాము. రవికిరణ్‌కు వాటి తాళం లేదు. డిసెంబరు 18 నాటి నకలులోనే కిషన్ గారి తేదీ 9 అని ఉంది. రాబర్ట్ గారు అడగడానికి మూడు వారాల ముందు నుంచీ అది 9.

నా పాత పట్టికలో ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు మారింది అనే గళ్ళు లేవు. నాకు ఎప్పుడూ తోచలేదు. అతనికీ తోచలేదు. ఫ్రేమ్‌వర్క్‌కు తోచింది. నా సైటులో ఎవరైనా నా మీద ఇదే నింద వేసి ఉంటే, ఎక్కడ మొదలుపెట్టి వెతకాలో కూడా నాకు తెలిసేది కాదు. అతని తప్పు పుట్టించిందీ అదే, అతన్ని కాపాడిందీ అదే. పడినా మెత్తని చోట పడే జాతకం కొందరికి ఉంటుంది. నాకు లేదు.

అయితే ఇలాంటి ఫారాలను నమ్మవచ్చా, కూడదా అని మేజిస్ట్రేట్ గారు అడిగారు. అడుగుతారని నేను అనుకోలేదు. ఖాళీ గళ్ళు, ఫోను నెంబర్లు, లేని తేదీలు, ఇలాంటివి దానికి వదిలేయవచ్చు. అది అలిసిపోదు, నేను అలిసిపోతాను. కాని దానికి పట్టిక తెలుసు, మనుషులు తెలియదు. సుల్తాన్ బజార్‌లో రెడీమేడ్ జాకెట్టు కుట్టు గట్టిగానే ఉంటుంది. చేతులు మనకు సరిపోతాయా అని తొడిగి చూసుకోవలసింది మనమే. చూడకుండా వేసుకుని పెళ్ళికి పోతే తప్పు జాకెట్టుది కాదు. ఇక్కడ ఎవరూ తొడిగి చూడలేదు. రవికిరణ్ లక్ష్మణరావు గారి గదికి వెళ్ళి కూర్చోలేదు. వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. వెళ్ళే టైము వామన్‌రావు గారు ఇవ్వలేదు. అది అజాగ్రత్త. మోసం కాదు.

ఇంకొకటి చెప్పాలి. ఫిబ్రవరి 14వ తేదీన, పని పోయిన రవికిరణ్ తన సామాను తీసుకుపోవడానికి ఆఫీసుకు వచ్చాడు. గడ్డం మాసి ఉంది. నా బల్ల ముందు నిలబడి, “అక్కా, గా దినం ప్రశ్న ఉన్నదన్నవు. ఏంది గది?” అన్నాడు. చెప్పాను. ముఖం ముడుచుకునే చెప్పాను. అతను నెత్తి మీద చేయి పెట్టుకున్నాడు. తరువాత రశ్మి కంప్యూటరు ముందు కూర్చుని, ఫారాలన్నీ ఎక్కడి నుంచి పుడతాయో ఆ ఒక్క చోట నా ప్రశ్న రాశాడు. ఆరు హాళ్ళ ఫారాల్లోనూ అది వచ్చేసింది. నేనైతే ఆరు చోట్ల రాయాలి. “గిది నీదే అక్కా, నీ పేరు పెట్టిన” అని చూపించాడు. ఆ ప్రశ్న పైన ఇంగ్లీషులో నా పేరు ఉంది. ఎంటర్ నొక్కాడు. వేళ్ళు విరుచుకోలేదు.

నాలుగేళ్ళు నేను మోసిన ప్రశ్నను అతను చాయ్ చల్లారేలోపు అందరి ప్రశ్నగా చేసేశాడు. నాకు ఎంత కడుపు మండిందో కోర్టువారికి చెప్పలేను. తేదీ మార్చగా చూశానని ఒక్క మాట చెబితే అతను జైలుకు పోతాడు, ఆ కిటికీ నాది అవుతుంది. ఆ ఒక్క మాట నిజం కాదు. రవికిరణ్ తేదీ మార్చలేదు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. అతను దొంగ కాదు. నాకంటే పనిమంతుడు. చివరి మాట చెప్పడం నాకు ఇష్టం లేదు, అయినా రాయండి.

వామన్‌రావు గారి దగ్గర మళ్ళీ పని ఉంటుందా అని అడిగారు. ఉండదనుకుంటాను.

ఈ ఉదయం కోర్టు వరండాలో జయమ్మ గారు సర్వపిండి డబ్బా ఇవ్వబోయారు. సాక్ష్యం చెప్పకముందు తీసుకుంటే లంచమవుతుందని వద్దన్నాను. ఆమె ఇంకా బయటే కూర్చుని ఉన్నారు. సాక్ష్యం చెప్పాక తీసుకోవచ్చునా అని మేజిస్ట్రేట్ గారిని అడిగాను. అది కోర్టు చెప్పవలసిన విషయం కాదన్నారు.

రాసినదంతా నేనే చదువుకున్నాను. ఒక్క దిద్దుబాటు కోరాను. ‘తోటి ఉద్యోగి మీది అభిమానంతో ఈ సాక్ష్యం చెబుతున్నాను’ అని గుమాస్తా గారు రాసిన చోట ‘అభిమానంతో’ అన్న మాట కొట్టించి, ‘అసూయ ఉండి కూడా’ అని రాయించి, పక్కన పొడి సంతకం చేశాను. ఇప్పుడు ఇందులో నాది కాని మాట ఒక్కటీ లేదు, జరగనిది ఒక్కటీ లేదు.

(సంతకం) ఎ. యూనీస్